టెక్సాస్‌లో ఎవరూ ఓడిపోలేదు

ఆ రోజుల్లో టెక్సాస్‌లో లాటరీ తగిలి లక్షాధికారి అయినవాడు ఒక్కడంటే ఒక్కడు లేడు. ఎందుకు లేడయ్యా అంటే, అమ్మితే కదా కొనేది, కొంటే కదా తగిలేది! మిషిగన్‌లో, ఇల్లినాయ్‌లో, న్యూయార్క్‌లో ఎవడో ఒక ట్రక్కు డ్రైవరు చాపంత చెక్కు పట్టుకుని పేపర్లో పళ్ళికిలిస్తూ కనబడేవాడు. టెక్సాస్ వాళ్ళకి ఆ భాగ్యం లేదు. చర్చిలవాళ్ళు పడనివ్వలేదు. ఆస్టిన్‌లో శాసనసభ కూర్చున్నప్పుడల్లా ఎవరో ఒకాయన లాటరీ మాట ఎత్తడం, ఊరూరి చర్చిల నుంచీ ఉత్తరాలు బస్తాలకొద్దీ పోవడం, ఆ మాట కాస్తా మూలన పడడం. అదీ వరస. పంతొమ్మిది వందల ఎనభై ఆరులో పోయిన ఆ ఉత్తరాల్లో ఒకటి మన దీనమ్మది. దాని సంగతే చెబుతున్నాను.

దీనమ్మ నర్సు. ఒంగోలు పిల్ల. మిషన్ ఆసుపత్రిలో చదువుకుని, డెబ్భై ఏడులో నర్సుల వీసా మీద మిషిగన్‌లో డెట్రాయిట్ వచ్చి, ఆ పక్కనే ట్రాయ్‌లో ఎనిమిదేళ్ళకు పైగా కాపరం చేసింది. భర్త పోయాక ఆ ఊళ్ళో ఉండలేక నర్సులకి ఉద్యోగాలు చూపించే ఏజెన్సీకి ఫోన్ చేసింది. అక్కడి అబ్బాయి రెండు చోట్లు చెప్పాడు. ఒకటి కాలిఫోర్నియాలో డబ్లిన్, ఇంకోటి టెక్సాస్‌లో ప్లేనో. డబ్లిన్ అయితే చలి ఉండదు, జీతం కూడా ఎక్కువ అన్నాడు. అక్కడ లాటరీ ఉందా అని అడిగింది దీనమ్మ. ఉంది, మొన్న అక్టోబర్‌లోనే మొదలెట్టారు, మీకు అదృష్టం బాగుంటే చూసుకోండి అని నవ్వాడతను. అయితే ప్లేనోకి రాసెయ్యి నాయనా అని ఫోన్ పెట్టేసింది. లాటరీ లేని రాష్ట్రం కావాలని ఊరు ఎంచుకున్న మనిషిని ఆ అబ్బాయి ఇంకోసారి చూసి ఉండడు.

దానికి కారణం ఆమె భర్త సుందర్ రాజ్.

సుందర్ రాజ్ ఒంగోలు మిషన్ హైస్కూల్లో లెక్కల మాస్టారు. పెళ్ళాం వెనకాల ఏడాదికి అమెరికా వచ్చాడు. ఇక్కడ ఆయన లెక్కలు ఎవరికి కావాలి? సర్టిఫికెట్లు పట్టుకుని స్కూళ్ళ చుట్టూ మూడేళ్ళు తిరిగాడు. ఎనభై ఒకటిలో ఆ సర్టిఫికెట్లు ఇక్కడ చెల్లవు, ఇక లాభం లేదని విద్యాశాఖ నుంచి కాగితం వచ్చింది. ఆ మరుసటేడు ఒక పార్టీ స్టోర్‌లో గల్లా దగ్గర కుదిరాడు. పార్టీ స్టోర్ అంటే మరేం లేదు, బీరు, పాలు, సిగరెట్లు, లాటరీ టికెట్లు అమ్మే వీధి చివరి కొట్టు. దాని యజమాని ఇరాక్ నుంచి వచ్చిన కల్దీయుడు. సుందర్ రాజ్‌కి అదొక సంబరం. అబ్రాహాము ఊరివాడి దగ్గర పని చేస్తున్నాను దీనా, మన బైబిల్లో పేరున్న జాతి అని చెప్పుకుని మురిసిపోయేవాడు. సంబరం మాట అటుంచితే, ఇంటి అద్దె, కారు, ఒంగోలు పంపే డబ్బు అన్నీ దీనమ్మ జీతంలోంచే. ఆమె డబుల్ డ్యూటీలు చేసి కాళ్ళు వాచి వస్తే, ఆయన బకెట్లో వేడినీళ్ళు పెట్టి ఉప్పు వేసి ఇచ్చేవాడు. నీ కష్టం తింటున్నాను అని అనేవాడు కాదు గానీ, ఆ మాట ఆయన మొహం మీదే ఉండేది.

ఎనభై నాలుగు ఆగస్టులో మిషిగన్‌లో పెద్ద లాటరీ కొత్తగా వచ్చింది. ఒకటి నుంచి నలభై దాకా ఉన్న అంకెల్లో ఆరు ఎంచుకోవాలి. శనివారం డ్రా. సుందర్ రాజ్ వారానికి ఒక టికెట్ కొనడం మొదలెట్టాడు. ఒకే ఒక్క టికెట్, ఒక డాలరు. దీనమ్మకి నెల తర్వాత తెలిసింది. టికెట్ కొన్నందుకు కాదు ఆమెకి ఒళ్ళు మండింది, ఆ అంకెలు చూసి.

మన క్రైస్తవుల ఇళ్ళలో కొత్త సంవత్సరానికి వాగ్దానం కార్డు తియ్యడం ఉంది కదా. డిసెంబరు ముప్ఫై ఒకటిన ప్రార్థన అయ్యాక బుట్టలో వచనాల కార్డులు పెడతారు. కళ్ళు మూసుకుని ఒకటి తీసుకుంటే ఆ ఏడాదికి దేవుడు మనకిచ్చిన మాట అదే. సుందర్ రాజ్ అమెరికా వచ్చాక తీసిన ఆరు కార్డులూ రబ్బరు బ్యాండు చుట్టి దాచుకున్నాడు. కీర్తనలు ఇరవై మూడు, ద్వితీయోపదేశకాండం ముప్ఫై ఒకటి, ఫిలిప్పీ నాలుగు, యిర్మీయా ఇరవై తొమ్మిది, యెహోషువ ఒకటి, నిర్గమకాండం పద్నాలుగు. ఆ ఆరు అధ్యాయాల అంకెలే టికెట్ మీద ఉన్నాయి.

దేవుడి వాగ్దానాన్ని జూదంలో పెడతారా అని దీనమ్మ ఇల్లెగిరిపోయేలా అరిచింది. ఆయన తల గోక్కుని, ఆ కార్డు మాత్రం చీటీ కాదా దీనా, కళ్ళు మూసుకునే తీస్తాం కదా అన్నాడు. లెక్కల మాస్టారు కదా, మీకు తెలియదా ఎంతమందిలో ఒకడికి తగులుతుందో అని ఆమె దెప్పింది. ఆయన కరెంటు బిల్లు కవరు వెనక లెక్క వేసి చూపించాడు. ముప్ఫై ఎనిమిది లక్షల చిల్లరలో ఒక వంతు.

"తెలిసీ కొంటున్నారా?"

"తెలిసే కొంటున్నాను. సున్నా అయితే కొనేవాణ్ణి కాదు" అన్నాడు. కవరు మడత పెడుతూ, "నీ డబుల్ డ్యూటీ ఒక్కటైనా మాన్పించాలని ఉంది దీనా. ఇంకో దారి కనబళ్ళేదు" అన్నాడు.

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని మూతి తిప్పుకుని వెళ్ళిపోయింది దీనమ్మ. అప్పట్నుంచీ ఏడాది పాటు ఆయన కొంటూనే ఉన్నాడు, ఆమె శనివారం శనివారం మొహం ముడుచుకుంటూనే ఉంది. ఎనభై ఐదు సెప్టెంబరు ఐదున, గురువారం, కొట్లో పాలడబ్బాలు సర్దుతూ కూలబడిపోయాడు. అంబులెన్సు వచ్చేసరికే ప్రాణం లేదు. శనివారం మట్టి చేశారు. ఆ సాయంత్రమే డ్రా.

వారం పోయాక ఆయన బైబిలు తీస్తే ఇరవై మూడో కీర్తన దగ్గర ఆ వారం టికెట్ దొరికింది. దీనమ్మకి పై ప్రాణాలు పైనే పోయాయి. నంబర్లు చూసుకుంటే అయిపోయేది. చూడలేదు. చూస్తే ఏమవుతుంది? ఏమీ తగలకపోతే, ఈ దేశంలో అడుగడుగునా ఓడిపోయిన మనిషి చచ్చాక కూడా ఇంకోసారి ఓడిపోతాడు. తగిలిందా, ఏడాది పాటు తను తిట్టిన తిట్లన్నీ ఎవరి దగ్గర వెనక్కి తీసుకోవాలి? మింగలేక కక్కలేక ఆ కాగితాన్ని అక్కడే పెట్టి బైబిలు మూసేసింది. కానీ మిషిగన్‌లో లాటరీ నంబర్ల నుంచి తప్పించుకోవడం సాధ్యమా! ప్రతి కొట్టు అద్దం మీదా అవే, టీవీలో అవే. పాలు కొనడానికి వెళ్ళినా తల వంచుకుని వెళ్ళాల్సి వచ్చేది. అందుకని ప్లేనో వచ్చింది. టెక్సాస్‌లో లాటరీ గెలిచినవాళ్ళు ఎవరూ లేరు, నిజమే. ఓడిపోయినవాళ్ళు కూడా ఎవరూ లేరు. ఆ టికెట్ ఇక్కడున్నంత కాలం సుందర్ రాజ్ ఓడిపోనట్టే.

ప్లేనోలో ఆమె బతుకు ఇదీ అని చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. హైవే పక్కన ఒక అపార్ట్‌మెంట్. పొద్దున కార్ స్టార్ట్ చేసి ఆసుపత్రికి, సాయంత్రం మళ్ళీ కార్‌లో ఇంటికి. ఆ ఊళ్ళో నడిచే మనిషి కనబడడు, పలకరిద్దామన్నా. సోమవారం నుంచి శనివారం దాకా తెలుగు ముక్క నోట రాదు. ఒకరోజు ఆపరేషన్ అయిన ఒక ముసలి తెల్లావిడకి దిండు సర్దుతూ "కాస్త పైకి జరుగమ్మా" అనేసింది. ఆవిడ బిక్కమొహం వేసింది. దీనమ్మ ఆ రోజంతా సిగ్గుపడింది, తర్వాత కార్‌లో కూర్చుని ఏడ్చింది. ఒంటరితనం అంటే ఎలా ఉంటుందో ఒంగోల్లో ఎవరికైనా చెబితే నమ్మరు. పక్కింటి పొయ్యి మీద ఏం ఉడుకుతోందో తెలిసే ఊరు అది.

ఆమెకున్నదల్లా ఆదివారం. ఒక అమెరికన్ చర్చివాళ్ళు మధ్యాహ్నం మూడింటికి వాళ్ళ హాలు ఇచ్చేవాళ్ళు. ఎనిమిది కుటుంబాలు, మడత కుర్చీలు, వెనక బల్ల మీద రేకు ట్రేలో చికెన్ బిర్యానీ. ప్రేమానందం అని ఒక ఇంజనీరు వారమంతా ఆఫీస్‌కి వెళ్ళి ఆదివారం వాక్యం చెప్పేవాడు. మంచివాడు, నలభై ఏళ్ళు లేవు. అందరూ జంటలూ పిల్లలూ. పిల్లలు ఆంటీ అనేవాళ్ళు, పెద్దవాళ్ళు నవ్వి తలూపేవాళ్ళు, అంతే. ఏడు నెలలైనా దీనమ్మ పక్క కుర్చీ ఖాళీగానే ఉండేది. ఎవరి తప్పూ కాదు, విధవరాలి పక్కన కూర్చుని మాట్లాడడానికి జంటలకి ఏముంటుంది?

ఆ ఏడాది చమురు ధర పడిపోయింది. టెక్సాస్ ఖజానా ఖాళీ. ఆస్టిన్‌లో మళ్ళీ లాటరీ మాట లేచింది. చర్చిలన్నీ ఉత్తరాలు పంపాలని కబురొచ్చింది. ప్రేమానందం అందరి మొహాలూ చూసి, లాటరీ ఉన్న రాష్ట్రంలో కాపరం చేసింది మనలో దీనమ్మగారొక్కరే కదా, వచ్చే ఆదివారం ఆవిడ సాక్ష్యం చెబితే ఇంగ్లీషులో రాసి పంపుదాం అన్నాడు. దీనమ్మ సరే అంది. కాదనడానికి ఆమెకి నోరు రాలేదు. ఆ హాల్లో ఎవరైనా ఆమెని ఏదైనా అడగడం అదే మొదలు.

మన సాక్ష్యాల సంగతి మీకు తెలియంది కాదు. సాక్ష్యం అంటే ముందు గోతిలో పడాలి, తర్వాత దేవుడు పైకి లాగాలి. గొయ్యి ఎంత లోతైతే సాక్ష్యం అంత గొప్పది. తాగుబోతు చెప్పినంత బాగా తాగనివాడు చెప్పలేడు. ఆగస్టు ముప్ఫై ఒకటిన దీనమ్మ లేచి నిలబడింది. మా ఆయన లాటరీ టికెట్లు కొనేవారు అని మొదలెట్టింది. "స్తోత్రం" అన్నారు ముందు వరసలో. వారం వారం కొనేవారు అంది. "స్తోత్రం." ఇరవై మంది మొహాలు తన వైపే ఉన్నాయి. పిల్లలు సైతం గోల ఆపారు. దేవుడి వాగ్దానాల అంకెలే జూదంలో పెట్టారు అంది. ఆడవాళ్ళు అయ్యో అని నోళ్ళు నొక్కుకున్నారు. అక్కడ ఆగితే బాగుండేది. ఆగలేదు. జీతమంతా దానికే పోసేవారు అంది. ఇంట్లో పొయ్యి వెలగని రోజులున్నాయి అంది. ఆ బెంగతోనే ఆయన గుండె ఆగిపోయింది అంది. ప్రతి మాటకీ స్తోత్రం, ప్రతి స్తోత్రానికీ ఇంకో మాట. చచ్చినవాడి కళ్ళు చారెడు అంటారు, లేని గొప్ప అంటగడతారు. దీనమ్మ లేని చెడ్డ అంటగట్టింది.

అయ్యాక ఆడవాళ్ళు చుట్టూ మూగారు. ప్రేమానందం భార్య ప్రేమజ్యోతి కౌగిలించుకుంది. ఇంకొకావిడ బిర్యానీ డబ్బాలో పెట్టి చేతికిచ్చి, మా ఇంటికి ఒకసారి రండి అంది. దీనమ్మ ఆ సాయంత్రం కార్ నడుపుతూ చాలా రోజుల తర్వాత కూనిరాగం తీసింది.

ప్రేమజ్యోతి ఒక ఆఫీసులో టైపిస్టు. ఆ సాయంత్రమే టైపు చేసింది. మర్నాడు సెలవు. మధ్యాహ్నం భార్యాభర్తలు వచ్చి సంతకం పెట్టించుకుని, ఒక కాపీ ఇచ్చి వెళ్ళారు. ఇంటికి వచ్చిన మొదటి చుట్టాలు కదా, కాఫీ కలిపే తొందరలో చదవలేదు దీనమ్మ. మంగళవారం డ్యూటీ నుంచి వచ్చి చదివింది. మొదటి వాక్యంలోనే ఉంది, ఇంగ్లీషులో, నిండు పేరుతో. నా భర్త కీర్తిశేషులు సుందర్ రాజ్ జూదానికి బానిస.

తెలుగులో తను అన్నప్పుడు అది మాట. ఇక్కడది కాగితం. సున్నా అయితే కొనేవాణ్ణి కాదు అన్న మనిషి, వేడినీళ్ళలో ఉప్పు వేసి ఇచ్చిన మనిషి, ఒక రాష్ట్ర ప్రభుత్వం ఫైల్లో జూదగాడై కూర్చోబోతున్నాడు. ఏం తక్కువైందని చేశావే దీనమ్మా? నాలుగు స్తోత్రాలకీ ఒక డబ్బా బిర్యానీకీ! అడుసు తొక్కనేల, కాలు కడగనేల. వెంటనే ప్రేమానందానికి ఫోన్ చేసింది. ఉత్తరం పొద్దున్నే పోస్ట్ చేశానమ్మా అన్నాడతను. అందులో అన్నీ నిజాలు కావు బాబూ అంది. అతను కాస్త తటపటాయించి, పరవాలేదమ్మా, దేవుడు దాన్ని మంచికే వాడుకుంటాడు అన్నాడు. దేవుడు దేనికి వాడుకుంటాడో గానీ, అబద్ధ సాక్ష్యం వద్దన్నది ఆయనే కదా అనుకుంది దీనమ్మ.

మూడు రోజులు నిద్ర లేదు. శుక్రవారం బైబిలు తెరిచి టికెట్ తీసింది. డ్రా తేదీ సెప్టెంబరు ఏడు. వెనక చిన్న అక్షరాల్లో, ఏడాది లోపల చూపించాలని ఉంది. అంటే ఎల్లుండితో సరి. ఆ తర్వాత తగిలినా తగలకపోయినా ఒకటే కాగితం. ఆయన ఓడిపోకూడదని ఏడాది దాచింది. కానీ ఓడించాల్సిందంతా తనే ఓడించేసిందిగా, ఇంకా దాచేదేముంది?

శనివారం పొద్దున ట్రాయ్‌లో నళినికి ఫోన్ చేసింది. నళిని అక్కడ వాళ్ళ పై వాటాలో ఉండే హిందువుల అమ్మాయి. సుందర్ రాజ్ పోయిన రోజు ఈమె పక్కన కూర్చుని అన్నం ముద్దలు పెట్టింది. ఆ కల్దీయుడి కొట్టుకి వెళ్ళమ్మా, పోయినేడు సెప్టెంబరు ఏడు నంబర్లు కావాలి అని చెప్పింది. ఎందుకక్కా అని అడగలేదు నళిని. ఆ యజమానికి ఒక అలవాటు ఉండేది, ప్రతి శనివారం గోడ క్యాలెండర్ గడిలో ఆ వారం నంబర్లు రాసుకోవడం. పాత క్యాలెండర్లు ఏవీ పారెయ్యడు. మధ్యాహ్నం రెండింటికి ఆ కొట్టు నుంచే నళిని ఫోన్ చేసింది. ఆ కొట్టు గంట చప్పుడు, ఫ్రిజ్‌ల హోరు వినిపించాయి దీనమ్మకి. ఆయన మూడేళ్ళు విన్న చప్పుడు అది.

"చదవనా అక్కా? నాలుగు" అంది నళిని.

ఫిలిప్పీ. ఎనభై ఒకటికి తీసిన కార్డు. ఇక లాభం లేదని కాగితం వచ్చిన ఏడు.

"తొమ్మిది."

తొమ్మిది లేదు.

"పద్నాలుగు."

నిర్గమకాండం. ఆయన తీసిన ఆరో కార్డు.

"ఇరవై మూడు."

కీర్తన. మొదటి చలికాలం, ఆయనకి చేతి తొడుగులు కూడా లేవు.

"ఇరవై తొమ్మిది."

యిర్మీయా. కొట్లో పని దొరికిన ఏడు.

"ఆఖరిది ముప్ఫై ఆరు. ఎన్ని కలిశాయక్కా?"

నాలుగు కలిశాయి. జాక్‌పాట్ కాదు. నాలుగింటికి ఎంతో నళిని అక్కడే యజమానిని అడిగింది. అరవై ఎనిమిది డాలర్లు. రేపటితో గడువు, ఇప్పుడు పోస్టులో వేసినా అందదు, నెల ముందు చెప్పినా తెచ్చి ఇచ్చేదాన్ని కదా అని నొచ్చుకుంది. దీనమ్మ ఆ మాటలు వినలేదు. అరవై ఎనిమిది డాలర్లంటే ఆ రోజుల్లో ఆమెకి ఒక డ్యూటీ జీతం. ఆయన అడిగింది అదేగా. ఒక్కటైనా మాన్పించాలని.

యజమాని ఫోన్ అందుకుని, మాస్టారు చాలా మంచివాడమ్మా అన్నాడు. అవును అంది దీనమ్మ.

మర్నాడు ఆదివారం ప్రేమానందం సాక్ష్యాలకి పిలిచేసరికి దీనమ్మే ముందు లేచింది. పోయిన వారం సాక్ష్యం అంత బాగుంది కదా, అందరూ సర్దుకుని కూర్చున్నారు. ఆ రోజు ఆమె పక్క కుర్చీలో ఒకావిడ వచ్చి కూర్చుంది కూడా.

"పోయిన ఆదివారం నేను ఇక్కడ అబద్ధం చెప్పాను" అంది దీనమ్మ. "మా ఆయన జూదగాడు కాడు. వారానికి ఒక్క డాలరు, తన కూలిలోంచి. నా డబుల్ డ్యూటీ ఒక్కటి మాన్పించాలని. బతికుండగా నేను తిట్టాను. పోయాక మీరు నా వైపు చూస్తారని ఆయన్ని మీ ముందు పడేశాను. ఆయన ఆఖరి టికెట్‌కి నాలుగు నంబర్లు కలిశాయి. నిన్ననే తెలిసింది. సుందర్ రాజ్ గారు గెలిచారు. అది చెబుదామనే నిలబడ్డాను."

ప్రేమానందం బైబిలు పేజీలు తిప్పుతున్నాడు. ప్రేమజ్యోతి తల దించుకుని ఉంది. పక్కన కూర్చున్నావిడ పిల్ల ఏడుస్తోందని లేచి వెనక్కి వెళ్ళింది, పిల్ల ఏడవడం లేదు. దీనమ్మ కాసేపు చూసింది, ఎవరైనా అంటారేమోనని. ఎవరూ అనలేదు. చివరికి తనే "స్తోత్రం" అని, కూర్చుంది.